కాలం చెల్లిన విండోస్‌తో కాపురం

పెళ్ళిళ్ళ సీజన్లో ఏ మండల కేంద్రంలోనైనా ఒక డి.టి.పి. సెంటర్లోకి తొంగి చూస్తే, చాలాచోట్ల ఇప్పటికీ ఒక మూల పాత కంప్యూటర్ కనిపిస్తుంది. పక్కనే కొత్త లాప్‌టాప్ ఉంటుంది, రంగుల ప్రింటర్ ఉంటుంది. శుభలేఖ కంపోజింగ్ మాత్రం ఆ పాతదాని మీదే. తెర మీద విండోస్ ఎక్స్‌పీ వారి పచ్చటి కొండ, నీలాకాశం. దాని మీద పేజ్‌మేకర్, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు. ఏళ్ళ తరబడి కొట్టి కొట్టి ఆపరేటరు వేళ్ళకు ఆ కీబోర్డు కంఠతా వచ్చేసింది. కస్టమరు పేర్లు చెబుతుండగానే 'అవిఘ్నమస్తు' దగ్గర్నుంచి 'చందన తాంబూలాది సత్కారములు గైకొని' దాకా పేజీ సిద్ధమైపోతుంది.

ఆ కంప్యూటర్ని ఎందుకు మార్చరంటే, దాంతోపాటు మార్చాల్సినవి చాలా ఉన్నాయి గనక. అడోబీ కంపెనీ పేజ్‌మేకర్ 7.0ను 2001లో తెచ్చింది. 8 అనేది రానే లేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. యూనికోడ్‌లో 'త' అక్షరానికి 3108 అనే సొంత సంఖ్య ఉంది. ఏ దేశంలో ఏ కంప్యూటరైనా ఆ సంఖ్యను 'త' అనే చదువుతుంది. పాత డి.టి.పి. ఫాంట్ల తీరు వేరు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్ళలో తెలుగు అక్షరాల ముక్కల్ని, అంటే తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఒకచోట సర్దిపెట్టారు. ఫైల్లో నిజంగా దాగి ఉండేవి ఇంగ్లీషు సంకేతాలే. ఫాంటు ఉన్న కంప్యూటర్లో అవి తెలుగు, లేనిచోట అర్థంలేని గుర్తుల వరస. తెలుగు అచ్చును కంప్యూటర్ యుగంలో నిలబెట్టింది ఆ ఉపాయమే, దాన్ని తక్కువ చేయకూడదు. కాకపోతే దానివల్ల పుస్తకాలు, సావనీర్లు, పత్రికల పాత సంచికలు అన్నీ ఒక ఫాంటుకూ, ఆ ఫాంటు ఒక సాఫ్ట్‌వేర్‌కూ, ఆ సాఫ్ట్‌వేర్ ఒక విండోస్‌కూ ముడిపడిపోయాయి. విచిత్రమేమంటే, గౌతమి ఫాంటుతో సహా యూనికోడ్ తెలుగును విండోస్‌లోకి తెచ్చింది కూడా ఆ ఎక్స్‌పీయే.

ఈ ముడి డి.టి.పి. సెంటర్లకే పరిమితం కాదు. కోట్లు పోసి కొన్న ఎం.ఆర్.ఐ. స్కానరు పదేళ్ళ పైన పనిచేస్తుంది, దాన్ని నడిపే కంప్యూటర్లోని విండోస్ అంతకంటే ముందే కాలం చెల్లిపోతుంది. ఎక్స్‌పీ మీద నడుస్తున్న ఏటీఎంలన్నిటినీ 2019 జూన్‌కల్లా మార్చమని రిజర్వు బ్యాంకు 2018 జూన్ 21న బ్యాంకులకు గడువు పెట్టాల్సి వచ్చింది. అప్పటికే ఎక్స్‌పీకి మద్దతు ఆగి నాలుగేళ్ళు దాటింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో మెట్రో రైళ్ళ నియంత్రణ వ్యవస్థ 1998 నుంచి ఫ్లాపీ డిస్కుల మీద ఆధారపడింది. వీళ్ళందరికీ 'కొత్తది కొనుక్కోండి' అని ఒక్క ముక్కలో సలహా చెప్పడం తేలిక. ఆ సలహా తప్పు కాదు గానీ, అది పాటించే రోజు వచ్చేదాకా ఏం చేయాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ముందుగా, కాలం చెల్లడం అంటే ఏమిటి? ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న విడుదలైంది. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ దాని మద్దతు ఆపేసింది. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న అదే జరిగింది. ఆ మర్నాడు లేచి కంప్యూటర్ ఆన్ చేస్తే తేడా ఏమీ కనిపించదు. ఫైళ్ళు తెరుచుకుంటాయి, ప్రింట్లు వస్తాయి, పాటలు వినిపిస్తాయి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆగిపోయింది కంటికి కనిపించే పని కాదు. కోట్ల వరసల కోడ్‌తో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్‌లో తప్పులు ఏళ్ళ తరబడి బయటపడుతూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం వాటికి మరమ్మతులు విడుదల చేస్తుంది. మన వాడుకలో అవే ప్యాచ్‌లు, అప్‌డేట్‌లు. మద్దతు ఆగాక ఆ మరమ్మతు ఆగుతుంది, తప్పులు బయటపడటం మాత్రం ఆగదు.

ఇంతకంటే లోతైన సంగతి ఇంకొకటుంది. విండోస్ 11 అంటే పునాది నుంచీ కొత్తగా కట్టింది కాదు. అందులో విండోస్ 10 కోడ్ ఉంది, 10లో 7 కోడ్ ఉంది, 7లో అంతకు ముందుది ఉంది. ఒక ఊళ్ళో అందరూ ఒకే కంపెనీ తాళాలు వాడుతున్నారనుకుందాం. తాళంలో ఫలానా లోపం ఉందని కంపెనీ కొత్త పేటలో ఇంటింటికీ వెళ్ళి తాళాలు మార్చింది. పాత పేటకు రాలేదు. దొంగ చేయాల్సిందల్లా పాత తాళాన్నీ కొత్త తాళాన్నీ పక్కపక్కన పెట్టి ఏది మారిందో చూడటమే. సాఫ్ట్‌వేర్‌లోనూ జరిగేది అదే. ప్యాచ్ వచ్చిన రోజే దాడి చేసేవాళ్ళు పాత ఫైలునూ కొత్త ఫైలునూ సరిపోల్చి, మారిన చోటు పట్టుకుని, అదే లోపం మద్దతు లేని విండోస్‌లో కూడా ఉందేమో పరీక్షిస్తారు. ఉంటే అది ఎప్పటికీ మూయని కన్నం. కొత్త సిస్టమ్‌లకు వచ్చే ప్రతి మరమ్మతూ పాత సిస్టమ్‌ల లోగుట్టును కొంత బయటపెడుతుంది. అందుకే కాలం గడిచేకొద్దీ పాత సిస్టమ్‌కు ప్రమాదం పెరుగుతుందే తప్ప తగ్గదు. 'ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా' అనే ధీమాకు ఆధారం లేదు.

2010 నాటి ఒక ఉదాహరణ చూడండి. మరమ్మతులన్నీ మూటగట్టి ఇచ్చే సర్వీస్ ప్యాక్‌లలో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2కు ఆ ఏడాది జులై 13న మద్దతు ముగిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే స్టక్స్‌నెట్ అనే మాల్వేర్ సంగతి లోకానికి తెలిసింది. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం యంత్రాలే దాని గురి. ఆ కేంద్రంలోని కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు, అయినా అది చేరింది. షార్ట్‌కట్ ఫైళ్ళ బొమ్మల్ని విండోస్ చూపించే పద్ధతిలో ఉన్న లోపాన్ని అది వాడుకుంది. పెన్‌డ్రైవ్ పెట్టి ఫోల్డర్ తెరిచి చూస్తే చాలు, దేని మీదా క్లిక్ చేయనక్కర్లేదు. ఆగస్టు 2న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. సర్వీస్ ప్యాక్ 3 ఉన్నవాళ్ళకు అందింది, ప్యాక్ 2 దగ్గరే ఆగినవాళ్ళకు అందలేదు. మద్దతు ముగిసి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు.

ఈ విషయంలో జనం బాగా గుర్తుపెట్టుకున్న పేరు వాన్నాక్రై. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ రహస్యంగా దాచుకున్న ఒక ఆయుధం, ఎటర్నల్‌బ్లూ, 2017 ఏప్రిల్‌లో బయటికి పొక్కింది. షాడో బ్రోకర్స్ అనే ముఠా దాన్ని బహిరంగంగా పెట్టేసింది. విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్ళు, ప్రింటర్లు పంచుకోవడానికి వాడే ఎస్.ఎం.బి. అనే పద్ధతిలోని లోపాన్ని వాడుకునే ఆయుధం అది. మైక్రోసాఫ్ట్ అంతకు నెల ముందే, మార్చి 14న, ప్యాచ్ విడుదల చేసింది. మే 12న అదే లోపాన్ని వాడుకుంటూ వాన్నాక్రై వైరస్ విరుచుకుపడింది. ఫైళ్ళన్నీ తాళం పడినట్టయిపోయి, 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టమని తెర మీద ఎర్రటి పెట్టె ప్రత్యక్షమయ్యేది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాల్లోని కొన్ని కంప్యూటర్లకు కూడా అది సోకింది.

అన్నిటికంటే ఎక్కువ నలిగింది బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్. ఇంగ్లండులోని 236 ఆసుపత్రి ట్రస్టుల్లో కనీసం 80 మీద ప్రభావం పడిందనీ, 19 వేలకు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయనీ ఆ దేశపు ఆడిట్ కార్యాలయం లెక్కతేల్చింది. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, కొన్నిచోట్ల అత్యవసర రోగుల్ని వేరే ఆసుపత్రులకు పంపారు. తర్వాత ప్రభుత్వం వేసిన అంచనా ప్రకారం నష్టం 9.2 కోట్ల పౌండ్లు. బ్రిటన్ ప్రభుత్వం 2014లో 55 లక్షల పౌండ్లు కట్టి మరీ ఎక్స్‌పీకి ఒక ఏడాది అదనపు మద్దతు కొనుక్కుంది. ఆ గడువులోగా కంప్యూటర్లన్నీ మార్చుకోవాలన్నది ఉద్దేశం, అది పూర్తిగా నెరవేరలేదు.

ఇక్కడ ఒక అపోహను సరిదిద్దాలి. ఈ దాడికి ఎక్స్‌పీయే కారణమని ఆ వారమంతా వార్తలు వచ్చాయి. తీరా చూస్తే సోకిన కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7వి. ఎక్స్‌పీ మీద ఈ వైరస్ సరిగా పనిచేయక, చాలాసార్లు నీలితెర వచ్చి కంప్యూటరే ఆగిపోయేదని పరిశోధకులు తర్వాత పరీక్షించి చెప్పారు. విండోస్ 7కు 2017లో పూర్తి మద్దతు ఉంది, ప్యాచ్ రెండు నెలలుగా సిద్ధంగా ఉంది. వేసుకోలేదంతే. అంటే అప్‌డేట్ వేసుకోని కొత్త విండోస్ కూడా ఆ రోజుకు కాలం చెల్లినదే.

వాన్నాక్రైని ఆపిన వైనంలో కూడా మనకు పనికొచ్చే పాఠం ఉంది. మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ళ బ్రిటిష్ పరిశోధకుడు ఆ వైరస్ కోడ్‌లో ఒక వింత వెబ్ చిరునామాను గమనించి, పది డాలర్ల పైచిలుకు పెట్టి దాన్ని తన పేర నమోదు చేయించాడు. ఆ చిరునామా పలికితే వైరస్ తనంతట తానే ఆగిపోయేలా రాసి ఉంది. వ్యాప్తి కొన్ని గంటల్లో నెమ్మదించింది. కానీ ఇంటర్నెట్ తీసేసి, ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌కు మాత్రం కట్టి ఉంచిన కంప్యూటర్లకు ఈ రక్ష దొరకలేదు. అక్కణ్ణుంచి ఆ చిరునామా పలకదు, పక్క కంప్యూటర్ నుంచి వైరస్ మాత్రం వస్తుంది. 'దీనికి నెట్ లేదు, భయం లేదు' అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2018 ఆగస్టులో తైవాన్‌లోని చిప్‌ల కంపెనీ టీఎస్‌ఎంసీలో కొత్తగా తెచ్చిన ఒక యంత్రంలో సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు జరిగిన పొరపాటుతో వాన్నాక్రై రకం వైరస్ ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో పడి ఉత్పత్తిని ఆపేసింది. ప్రపంచంలోనే అతి జాగ్రత్తగా నడిచే ఫ్యాక్టరీల్లో అదొకటి.

కాబట్టి ముప్పు వచ్చే దారులు మూడు: నెట్‌వర్క్ కేబుల్, పెన్‌డ్రైవ్, బ్రౌజర్.

మన ఊళ్ళలో పాత కంప్యూటర్లకు ఎక్కువ హాని చేసింది పెన్‌డ్రైవే. 'షార్ట్‌కట్ వైరస్' అంటే జిరాక్స్ షాపుల్లో, నెట్ సెంటర్లలో తెలియనివాళ్ళుండరు. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నిటి మూలన చిన్న బాణం గుర్తు కనబడుతుంది, సైజు చూస్తే ఒక్కొక్కటీ ఒకటి రెండు కేబీలే. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని దాచేసి, అదే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. వాటి మీద క్లిక్ చేస్తే రెండు పనులు జరుగుతాయి. ముందు దాగి ఉన్న చిన్న స్క్రిప్టు నడిచి కంప్యూటర్లో చేరుతుంది, తర్వాత అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఫోటోలు కనబడ్డాయి గనక కస్టమరుకు అనుమానం రాదు. ఆ సాయంత్రం వరకు ఆ కంప్యూటర్లో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవూ అంటించుకుని ఇంటికి వెళుతుంది. దీనికి ముందు తరం వైరస్‌లకు క్లిక్ కూడా అక్కర్లేకపోయేది. పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఆటోరన్ దాన్ని నడిపించేది. 2008లో మొదలైన కాన్‌ఫికర్ లక్షల కంప్యూటర్లకు పాకిన దారుల్లో అదొకటి. ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2011లో అందరికీ పంపింది. కానీ కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా పాత సీడీతో ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ ఎక్కించిన చోట ఆ అప్‌డేట్ ఉండదు. 2004 నాటి సీడీతో ఫార్మాట్ చేస్తే ఆ కంప్యూటర్ భద్రత విషయంలో 2004కు వెళ్ళిపోయినట్టే. ఆ సీడీ దొంగ కాపీ అయితే అందులో ముందే ఏం కలిపారో చెప్పేవాళ్ళెవరూ లేరు.

బ్రౌజర్ సంగతి త్వరగా తేల్చుకోవచ్చు. క్రోమ్ 2016లోనే ఎక్స్‌పీని వదిలేసింది. విండోస్ 7, 8.1లకు చివరి వెర్షన్ క్రోమ్ 109, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 వాటి మీద నడవదు. పాత బ్రౌజర్లో బ్యాంకు వెబ్‌సైట్ తెరుచుకోకపోతే అది బ్యాంకు వాళ్ళ లోపం కాదు. సురక్షితమైన కనెక్షన్‌కు కావలసిన కొత్త పద్ధతులు ఆ బ్రౌజర్‌కు తెలియవు. ఒక్కోసారి కారణం మరీ చిన్నది. మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ తేదీ ఏ 2002కో పోతుంది, దాంతో వెబ్‌సైట్ల సర్టిఫికెట్లన్నీ చెల్లనట్టు కనిపిస్తాయి. ఆ బిళ్ళ మారిస్తే హెచ్చరిక పోవచ్చు. హెచ్చరిక వచ్చినా 'పరవాలేదు, ముందుకు పో' అని నొక్కడం అలవాటైతే మాత్రం అసలైన మోసపు సైటు ఎదురైన రోజున కూడా వేలు అక్కడికే పోతుంది.

ఇక పాత సిస్టమ్‌ను ఎలా వాడుకోవాలి? దాని పనిని కుదించాలి. ఒక్క పేజ్‌మేకర్ కోసం ఉంచుకున్న కంప్యూటర్ పేజ్‌మేకర్‌కే ఉండాలి. మెయిల్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, కరెంటు బిల్లు, బ్యాంకు ఏదీ దాని మీద వద్దు. నెట్ కేబుల్ పీకేయడం మొదటి పని. వైఫై ఉంటే డివైస్ మేనేజర్లో ఆ కార్డును డిజేబుల్ చేయాలి. ప్రింటర్‌ను నెట్‌వర్క్ మీద కాకుండా యూఎస్‌బీ తీగతో నేరుగా కలపాలి. షాపులోని ఇతర కంప్యూటర్లతో ఫోల్డర్లు పంచుకోవడం మానాలి. ఎక్స్‌పీలో అందరూ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోనే పనిచేస్తారు. వేరే లిమిటెడ్ ఖాతా తెరిచి రోజువారీ పని అందులో చేస్తే, పొరపాటున ఏదైనా నడిచినా సిస్టమ్ లోతుల్లోకి చొరబడటం కష్టమవుతుంది.

కస్టమరు పెన్‌డ్రైవ్ నేరుగా పాత కంప్యూటర్లో పెట్టకూడదు. ముందు కొత్త లాప్‌టాప్‌లో పెట్టి స్కాన్ చేసి, కావలసిన ఫోటో, లోగో మాత్రమే తీసుకుని, షాపుకు సొంతమైన ఒక పెన్‌డ్రైవ్‌లోకి మార్చి ఇవతలికి తేవాలి. ఆ పెన్‌డ్రైవ్ బయటి మనిషి చేతికి వెళ్ళకూడదు. అచ్చుకు వెళ్ళే పీడీఎఫ్ కూడా అదే దారిలో లాప్‌టాప్‌కు చేరి, అక్కణ్ణుంచే మెయిల్‌లో పోవాలి. రోజుకు ముప్పై మంది వచ్చే షాపులో ఇది విసుగు పుట్టించే పనే. అయినా పాతికేళ్ళ ఫైళ్ళు పోగొట్టుకున్న తర్వాత పడే బాధ ముందు ఈ విసుగు ఏపాటిది?

యాంటీవైరస్ వేశాం కదా అనేవాళ్ళకు ఒక మాట. యాంటీవైరస్ తనకు తెలిసిన దొంగల్ని పట్టుకోగలదు, సిస్టమ్ గోడలో కన్నాన్ని పూడ్చలేదు. పైగా పెద్ద కంపెనీలు చాలావరకు ఎక్స్‌పీకి తమ ఉత్పత్తుల్ని ఆపేశాయి. ఉన్న యాంటీవైరస్ ఏళ్ళ తరబడి అప్‌డేట్ లేకుండా ఉంటే అది తెర మూలన కనిపించే బొమ్మ మాత్రమే.

పాత కంప్యూటర్ ఇనుము కూడా పాతదే. ఏ రోజైనా ఆగిపోవచ్చు. అందుకని ఎక్స్‌పీని వర్చువల్ మెషీన్‌లోకి మార్చుకోవడం చాలామందికి మేలైన దారి. వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొత్త కంప్యూటర్లో ఒక కిటికీలో ఎక్స్‌పీ నడుస్తుంది, అందులో పేజ్‌మేకర్ నడుస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తీసేస్తే దానికి బయటి ప్రపంచం లేనట్టే. బాగా పనిచేస్తున్న స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపరిస్తే, ఏదైనా చెడినప్పుడు కొన్ని నిమిషాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త: కొత్త కంప్యూటర్లోని ఫోల్డర్లను అందులోకి పంచుకునే సౌకర్యాన్ని ఒక చిన్న ఫోల్డర్‌కే పరిమితం చేయాలి. డ్రైవ్ మొత్తాన్ని తెరిచి పెడితే వేరు చేసిన ప్రయోజనం పోతుంది.

ఏ పాత సాఫ్ట్‌వేర్‌తోనూ ముడి లేనివాళ్ళకు, అంటే నెట్ చూడటానికీ ఉత్తరాలు రాయడానికీ కంప్యూటర్ వాడేవాళ్ళకు, పాత విండోస్ పట్టుకుని కూర్చోవడానికి కారణమే లేదు. లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ 4 జీబీ మెమరీ ఉన్న పాత లాప్‌టాప్‌ల మీద నడుస్తుంది, అప్‌డేట్‌లూ వస్తాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ళుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చే పని కూడా చేసింది.

కాలం చెల్లిన విండోస్ వాడేవాళ్ళలో ఇప్పుడు విండోస్ 10 ఉన్నవాళ్ళదే పెద్ద గుంపు. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. దాంతో చక్కగా పనిచేసే కంప్యూటర్లు కూడా బయటే ఉండిపోయాయి. ఇళ్ళలో వాడేవాళ్ళకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్‌లు పొడిగించింది. అవి వాటంతట అవి రావు, నమోదు చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్‌ను బ్యాకప్ చేసుకునేవాళ్ళకు ఉచితం, లేదంటే 30 డాలర్ల రుసుం. కంప్యూటర్లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి, ఇంగ్లీషులో విన్‌వర్ అని టైపు చేస్తే ఏ వెర్షనో తెలుస్తుంది. వ్యాపార సంస్థలకు మూడేళ్ళ వరకు డబ్బుకు దొరుకుతాయి, ధర ఏటా రెట్టింపు అవుతుంది. బ్రిటన్ 2014లో చేసినట్టు గడువు కొనుక్కుని ఊరుకోకుండా, ఆ గడువులో మార్పు పూర్తి చేసుకుంటేనే కట్టిన డబ్బుకు విలువ.

ఇంతవరకు చెప్పిందంతా కంప్యూటర్ల గురించే అయినా, మనలో చాలామంది డబ్బు నడిపించేది ఫోన్‌తో. ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూస్తే అది ఎప్పటిదో తెలుస్తుంది. రెండు మూడేళ్ళ కిందటి తేదీ ఉంటే ఆ ఫోన్‌కు కంపెనీ మరమ్మతులు ఆపేసిందనుకోవాలి. దాంతో మాట్లాడుకోవచ్చు, పాటలు వినొచ్చు. యూపీఐ, బ్యాంకు యాప్‌లు మాత్రం వేరే ఫోన్లో ఉంచుకోవడం మంచిది. ఆర్టీవో చలాన్ అనీ పీఎం కిసాన్ అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళను ఏ ఫోన్లోనూ తెరవకూడదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

బ్యాకప్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వాన్నాక్రై లాంటి, డబ్బు కోసం ఫైళ్ళను బందీ చేసే రాన్సమ్‌వేర్ తనకు అందిన డ్రైవులన్నిటికీ తాళం వేస్తుంది, కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచే హార్డ్‌డిస్క్ కూడా అందులో ఉంటుంది. కాపీ తీయగానే ఆ డిస్కును తీసి బీరువాలో పెట్టాలి. ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడాలి, తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టే.

ఇవన్నీ చేసినా అవి కాపలా మాత్రమే. పాత విండోస్ నుంచి బయటపడాలంటే అందులో చిక్కుకున్న పనిని బయటికి తేవాలి. పేజ్‌మేకర్ ఫైళ్ళను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు వెర్షన్లు తెరవగలవు, ఆ తర్వాతివి తెరవలేవు. అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే ఉచిత సాధనాలు నెట్‌లో ఉన్నాయి. వత్తుల దగ్గరా, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గరా అవి తడబడతాయి గనక ప్రూఫ్ చూసే మనిషి తప్పనిసరి. ఫాంట్లకు కొరత లేదు. సిలికానాంధ్ర అందుబాటులోకి తెచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పేజీలు కట్టడానికి ఉచిత స్క్రైబస్ కూడా ఇప్పుడు తెలుగు అక్షరాల కూర్పును అర్థం చేసుకుంటుంది.

ప్రచురణకర్తలు, పత్రికల యజమానులు, డి.టి.పి. సెంటర్ల వాళ్ళు ఈ మార్పిడిని ఇప్పుడే మొదలుపెట్టాలి. ముందు మళ్ళీ అచ్చు వేయాల్సిన పుస్తకాలు, తర్వాత రచయితలు బతికి ఉండి ప్రూఫు చూడగలిగే పుస్తకాలు, ఆ తర్వాత మిగిలినవి. వారానికి ఒక్క ఫైలైనా సరే. మూలన ఉన్న ఆ పాత కంప్యూటర్ ఇంకా నడుస్తోంది, పేజ్‌మేకర్ ఇంకా తెరుచుకుంటోంది, ఆ కీబోర్డు తెలిసిన ఆపరేటరు ఇంకా షాపులోనే ఉన్నాడు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పని రెట్టింపు కష్టమవుతుంది.